కార్డుకి కవరు, సిక్కాకి చింతపండు

హాస్టల్లో పోకెమాన్ కార్డులు దాచుకునేవాళ్లని ఎప్పుడైనా గమనించారా? ప్యాకెట్లోంచి కార్డు బయటికి రాగానే ముందు మెత్తటి ప్లాస్టిక్ కవరు, దాని పైన గట్టి ప్లాస్టిక్ కేసు. వేళ్లు అంచులకి మాత్రమే తగలాలి. ఒక మూల కొంచెం తెల్లబడితే ఆ రోజంతా మూడ్ ఆఫ్. నేను వాళ్లని వెక్కిరించట్లేదు. ఒక వస్తువుని అంత జాగ్రత్తగా చూడటం మంచి అలవాటే. పైగా ఆ హాబీలో వాళ్లకున్న నాలెడ్జ్ మామూలుగా ఉండదు. ఏ కార్డు ఏ సెట్లోది, ఎక్కడ ప్రింటింగ్ తప్పు ఉంది, పదికి ఎంత గ్రేడ్ వస్తది, అన్నీ టకటకా చెప్తారు.

అదే మనిషి దసరాకి నల్గొండ వైపో, పాలమూరు వైపో ఇంటికి పోతాడు. నాయనమ్మ సందుగ తెరిచి మూట విప్పితే అందులోంచి చార్మినార్ బొమ్మ ఉన్న వెండి రూపాయి పడుతుంది. అప్పుడు ఇంట్లో వినబడే మాట ఒకటే: "నల్లగైంది, జర చింతపండు పెట్టి తోము." తోముతారు. తళతళా మెరుస్తుంది. వందేళ్లుగా దాని మీద పట్టిన పొర అయిదు నిమిషాల్లో కాలువలో కలిసిపోతుంది. ఇంకో రెండేళ్లకి ఆ రూపాయి కూడా అవుసలాయన దగ్గరికి పోయి పట్టగొలుసు అవుతుంది.

నేను చెప్పదలచుకున్నది ఇదే. మన కలెక్టింగ్ హాబీలో అందరికన్నా తక్కువ చూపు పడ్డవి మన సొంత ఊళ్ల వస్తువులే. హాలీ సిక్కాలు, నిజాం కాలం స్టాంపులు, మన తపాలా ముద్రలు ఉన్న పాత కవర్లు. వీటి ధర తక్కువ అన్నది చిన్న సమస్య. వీటికి మనం ఇచ్చే ధ్యాస తక్కువ అన్నది పెద్ద సమస్య. ధర ఎప్పుడైనా పెరగొచ్చు. కరిగిపోయిన సిక్కా మాత్రం మళ్లీ రాదు.

'అండర్ వాల్యూడ్' అనే మాటని చాలామంది 'ఇప్పుడు చవక, రేపు లాభం' అన్న అర్థంలో వాడతారు. దానికి ఫేమస్ ఉదాహరణ ఒకటుంది. 1952లో అమెరికాలో టాప్స్ కంపెనీ బేస్‌బాల్ కార్డుల సెట్ ఒకటి వేసింది. సీజన్ చివర్లో వచ్చిన భాగం సరిగా అమ్ముడుపోలేదు. ఏళ్ల తరబడి గోదాములో పడి ఉన్న ఆ డబ్బాలని 1960 ప్రాంతంలో పడవలో తీసుకెళ్లి సముద్రంలో పారేయించానని ఆ సెట్ తయారీలో ముఖ్యుడైన సై బెర్గర్ తర్వాత చెప్పాడు. అదే భాగంలో ఉన్న మిక్కీ మాంటిల్ కార్డు ఒకటి 2022లో 1 కోటి 26 లక్షల డాలర్లకి అమ్ముడైంది.

ఇది చెప్పి, మన హాలీ సిక్కాలకి కూడా కోట్లు వస్తాయని ఆశ పెట్టడం నా ఉద్దేశం కాదు. రావు. ఈ కథలో నాకు ముఖ్యంగా కనిపించేది డబ్బు కాదు, పారేసిన పద్ధతి. పారేసినవాడు చెడ్డవాడేం కాదు. అతని లెక్కలో అది జాగా తినే పాత సరుకు, అంతే. మన దగ్గర సముద్రం లేదు, కంసాలి మూస ఉంది. వెండి రేటు పెరిగిన ప్రతిసారీ మూటలు విప్పుతారు. తూకం వేస్తారు. అది ఎవరి పేరు మీద, ఏ సంవత్సరంలో అచ్చయిందో ఎవరూ చదవరు.

చదివితే ఏముంటుందో చెప్తాను.

హైదరాబాద్ రాజ్యానికి సొంత రూపాయి ఉండేది. దాన్ని హాలీ సిక్కా అనేవాళ్లు. హాలీ అంటే ప్రస్తుతం చెలామణిలో ఉన్నది అని అర్థం. బ్రిటిష్ రూపాయిని కల్దార్ అనేవాళ్లు. ఏడు హాలీ రూపాయలకి ఆరు కల్దార్ రూపాయలు, అదీ మారకం లెక్క. ఇప్పటికీ మన ఊళ్లలో బాగా పెద్దవాళ్లు మాటల్లో 'కల్దార్' అంటే ఆశ్చర్యపోకండి, అది వాళ్ల తల్లిదండ్రుల బజారు భాష. హైదరాబాద్ రాజ్యం 1948లో ఇండియన్ యూనియన్లో కలిసినా ఈ సిక్కాలు వెంటనే పోలేదు. కొన్నేళ్లు రెండు రూపాయలూ పక్కపక్కనే నడిచాయి. హాలీ సిక్కా పూర్తిగా రద్దయింది 1959లో.

చార్మినార్ బొమ్మతో వచ్చిన రూపాయి బరువు సుమారు 11.18 గ్రాములు. అందులో వెండి 81.8 శాతం. అంటే 9.1 గ్రాముల పైచిలుకు అసలు వెండి. తూకం వేసేవాడికి ఈ ఒక్క లెక్క చాలు. కానీ సిక్కాని వెలుతురులో పెట్టి చార్మినార్ మధ్య గుమ్మంలోకి చూడండి. అక్కడ ఒక ఉర్దూ అక్షరం ఉంటుంది. అది 'మీమ్' అయితే ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ కాలం నాణెం. 'ఐన్' అయితే ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ కాలం నాణెం. అంటే రాజు పేరులో మొదటి అక్షరాన్ని గుమ్మంలో నిలబెట్టారన్నమాట.

పాలమూరు వాళ్లకి ఈ మీమ్ ఇంకా దగ్గరి చుట్టం. పాలమూరుకి 1890లో మహబూబ్‌నగర్ అని పేరు పెట్టింది ఈ మహబూబ్ అలీఖాన్ పేరు మీదే. మన బస్సు బోర్డు మీద, మార్కుల మెమో మీద, ఆధార్ కార్డు మీద ఉన్న పేరుకి మొదటి అక్షరం ఆ గుమ్మంలో ఉంది. అయినా మనలో ఎంతమందికి తెలుసు?

కథ ఇంకా ఉంది. మహబూబ్ అలీఖాన్ 1911 ఆగస్టులో చనిపోయాడు. హిజ్రీ లెక్కలో అది 1329. అందుకే 1329 అన్న ఒకే సంవత్సరం మీద మీమ్ ఉన్న రూపాయీ ఉంది, ఐన్ ఉన్న రూపాయీ ఉంది. మొదట్లో ఐన్‌ని పొట్టిగా, సగం అక్షరంలా చెక్కారు. తర్వాత పూర్తి అక్షరం వచ్చింది. పోకెమాన్ వాళ్లు 'ఫస్ట్ ఎడిషన్ ముద్ర ఉందా లేదా' అని భూతద్దం పెట్టి చూస్తారే, అచ్చం అలాంటి తేడా ఇది. కాకపోతే అక్కడ ఒక కంపెనీ పెట్టిన ముద్ర. ఇక్కడ ఒక రాజు పోయి ఇంకో రాజు వచ్చిన నెలలు.

పైభాగంలో 92 అనే అంకె కూడా కనబడుతుంది. అది సంవత్సరం కాదు, ధర కాదు. అరబ్బీ అక్షరాలకి ఒక్కోదానికి ఒక్కో విలువ ఉంటుంది. ఆ లెక్కని అబ్జద్ అంటారు. 'ముహమ్మద్' అనే పేరులో అక్షరాలు మీమ్ 40, హే 8, మీమ్ 40, దాల్ 4. మొత్తం 92. మనం ఫస్టియర్లో అక్షరానికి ఆస్కీ విలువ ఉంటుందని చదువుకుని గొప్పగా ఫీలయ్యాం. అక్షరాలని అంకెలుగా మార్చి కూడే పని మన నాయనమ్మ మూటలో ఎప్పటినుంచో ఉంది.

మరి ఇంత ఉన్నా వీటిని ఎందుకు తక్కువ చూస్తున్నాం? నాకు మూడు కారణాలు కనిపిస్తున్నాయి.

మొదటిది లిపి. సంవత్సరం ఉర్దూ అంకెల్లో ఉంటుంది, పైగా హిజ్రీలో. చదవలేనిదాని మీద మనసు నిలవదు. నిజానికి నేర్చుకోవాల్సింది పది అంకెలు, రెండు అక్షరాలు. ఒక సాయంత్రం పని. హిజ్రీ సంవత్సరాన్ని 0.97తో గుణించి 622 కలిపితే ఇంచుమించు ఇంగ్లిష్ సంవత్సరం వచ్చేస్తుంది. 1330ని అలా చేస్తే 1912 వస్తుంది. అంతే. ఇంటర్లో ఇంటిగ్రేషన్ చేసినవాళ్లకి ఇదొక లెక్కా?

రెండోది జాబితా. ఏ హాబీలో అయినా కోరిక పుట్టేది చెక్‌లిస్టు నుంచే. 'ఇందులో మొత్తం 102, నా దగ్గర 97' అని తెలిస్తేనే ఆ మిగిలిన అయిదింటి కోసం నిద్ర పట్టదు. కార్డు కంపెనీకి ఈ సంగతి తెలుసు కాబట్టి కార్డు మూలలోనే నంబరు వేస్తుంది. మన సిక్కాలకి కేటలాగులు ఉన్నాయి కానీ అవి లావుపాటి ఇంగ్లిష్ పుస్తకాలు, ధరలు డాలర్లలో. అందులో గద్వాల, నారాయణపేట, వనపర్తి పేర్లు కూడా హైదరాబాద్ కింద చిన్న టంకశాలలుగా ఉన్నాయని మన దగ్గర ఎవరికి తెలుసు? యంత్రం రాకముందు చేత్తో సమ్మెట కొట్టి నాణేలు తీసిన సంస్థానాల ఊళ్లు అవి. పాత మహబూబ్‌నగర్ ఒక్క జిల్లాలోనే మూడు. గద్వాల అంటే చీర, నారాయణపేట అంటే చీర అని మాత్రమే మనకి తెలుసు. ఆ చీర కొన్న రూపాయి కూడా అదే ఊళ్లో పుట్టి ఉండొచ్చని ఎవరూ చెప్పలేదు.

మూడోది, ఒక్కదాని మోజు. అందరికీ ఒకే ఒక్క స్టార్ వస్తువు కావాలి, సెట్ అక్కర్లేదు. చిన్నప్పుడు డబ్ల్యూడబ్ల్యూఈ ట్రంప్ కార్డులు ఆడినవాళ్లు గుర్తు తెచ్చుకోండి. ర్యాంకు, హైటు, వెయిటు, చెస్టు, ఫైట్లు. ఖలీ చేతికి వస్తే హైట్ అని అరిచి గెలవడమే. అందరి దగ్గరా ఖలీ ఉండేవాడు. కానీ ఒక్క కార్డు కూడా పోకుండా, అట్టడబ్బాతో సహా పూర్తి సెట్ ఎవరి దగ్గరైనా ఇప్పుడు ఉందా? కిరాణా కొట్లో దండలా వేలాడిన ఆ కార్డుల మీద కంపెనీ పేరు సరిగా ఉండదు, స్పెల్లింగ్ తప్పులు, ఒకరి ఫోటో కింద ఇంకొకరి పేరు. మన తరం పల్లెటూరి బాల్యానికి అంతకన్నా మంచి సాక్ష్యం లేదు. వాటిని దాచినవాళ్లు మాత్రం దాదాపు లేరు. అండర్ వాల్యూడ్ సెట్ అంటే నా దృష్టిలో అదీ.

సెట్ విలువ ఏంటో ఫణిగిరి చెబుతుంది. పాత నల్గొండ జిల్లా, ఇప్పటి సూర్యాపేట జిల్లాలో ఉన్న బౌద్ధ క్షేత్రం అది. 2024లో అక్కడ తవ్వకాల్లో ఒక మట్టి కుండ బయటపడింది. లోపల 3,730 సీసపు నాణేలు. ఒకవైపు ఏనుగు, రెండోవైపు ఉజ్జయిని గుర్తు. ఇక్ష్వాకుల కాలానివని పురావస్తు శాఖ చెప్పింది. సీసం అంటే ఎంత? ఒక్కో నాణెం రెండు గ్రాముల చిల్లర. తూకం వేస్తే పాత బ్యాటరీ పాటి ధర కూడా రాదు. కానీ ఒకే కుండలో, ఒకే చోట, ఒకే రకం అన్ని నాణేలు ఉండటమే వార్త. ఎవరో లెక్కపెట్టి దాచారు, ఏదో భయం, ఏదో నమ్మకం. ఆ కుండని పగలగొట్టి నాణేలు తలా నాలుగు పంచుకుని ఉంటే మిగిలేది సీసమే.

ఇదే సూత్రం స్టాంపులకి ఇంకా బాగా పనిచేస్తుంది. హైదరాబాద్ రాజ్యం 1869లో సొంత స్టాంపులు మొదలుపెట్టి సుమారు ఎనభై ఏళ్లు నడిపింది. 1871 నుంచి వచ్చిన వాటి మీద విలువ తెలుగు లిపిలో కూడా ఉంటుంది. ఒక్కసారి ఆగి ఆలోచించండి. కోట్ల ఉత్తరాల మీద తిరిగిన తెలుగు అక్షరం అది. మన లిటరరీ క్లబ్‌కి అంతకన్నా మంచి పోస్టర్ దొరుకుతుందా?

1931లో వచ్చిన బొమ్మల వరుస చూడండి. అణా మీద చార్మినార్, రెండణాల మీద హైకోర్టు, నాలుగణాల మీద ఉస్మాన్ సాగర్, ఎనిమిదణాల మీద అజంతా గుహల ద్వారం, పన్నెండణాల మీద బీదర్ మదర్సా, రూపాయి మీద దౌలతాబాద్ మీనార్. 1947లో వచ్చిన మూడణాల స్టాంపు మీద వరంగల్ కోటలోని కాకతీయ తోరణం. చార్మినార్, తోరణం రెండూ ఇవాళ మన రాష్ట్ర చిహ్నంలో ఉన్నవే. ఈ స్టాంపులు లక్షల్లో అచ్చయ్యాయి కాబట్టి మామూలువి ఇప్పటికీ పెద్ద ధర పలకవు. ఒక స్టూడెంట్ క్యాంటీన్ ఖర్చు తగ్గించుకుని సెట్ పూర్తి చేసుకోగలిగిన స్థాయిలోనే చాలావరకు ఉన్నాయి.

ఈ బొమ్మల్లో నల్గొండ లేదు, పాలమూరు లేదు. దేవరకొండ కోట లేదు, పానగల్లు గుడి లేదు, పిల్లలమర్రి లేదు. మరి మన జిల్లా ఎక్కడుంది? స్టాంపు మీద పడ్డ నల్లటి గుండ్రటి ముద్రలో ఉంది. ఉత్తరం ఏ ఊరి పోస్టాఫీసులో పడిందో, ఏ తేదీన పడిందో చెప్పేది ఆ ముద్రే. అది ఉర్దూలో ఉండొచ్చు, ఇంగ్లిష్‌లో ఉండొచ్చు, సగం చెరిగి ఉండొచ్చు. మామూలు హాబీ పుస్తకం ఏం నేర్పింది? కవరు చింపి నీళ్లలో నానబెట్టి, స్టాంపు ఒలిచి ఆల్బమ్‌లో అంటించమని. అట్ల ఒలిస్తే చార్మినార్ మిగులుతుంది, ఊరు పోతుంది. ముద్రతో, చిరునామాతో ఉన్న నిండు కవరు ముందు ఒలిచిన స్టాంపు ఎంత?

ఇక్కడ ఒక అభ్యంతరం రావాలి. మా జిల్లాలో తప్పకుండా వస్తుంది కూడా. "నిజాం బొమ్మల్ని, నిజాం పైసల్ని దాచుడేంది? వెట్టి చేయించిన రాజ్యం అది." ఈ మాట తేలిగ్గా తీసేయదగ్గది కాదు. 1946 జులై 4న అప్పటి నల్గొండ జిల్లా కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటాకి నేలకొరిగాడు. ఆ పోరాటం జ్ఞాపకం ఇంకా ఇళ్లలో ఉంది.

నా జవాబు ఇది. ఆ తేదీ హిజ్రీ లెక్కలో 1365. 1365 అని ఉన్న నాణెం ఎవరి దగ్గరైనా ఉంటే, అది కొమరయ్య చనిపోయిన ఏటి నాణెం. ఆ చిల్లరతోనే శిస్తు కట్టారు, ఆ చిల్లర లేకే వడ్డీకి అప్పు తెచ్చారు, ఆ చిల్లర ఇవ్వకుండానే వెట్టి చేయించుకున్నారు. నాణెం మీద పేరు రాజుది, అరుగుదల మాత్రం జనానిది. చార్మినార్ గీతలు అరిగిపోయింది రైతుల, కూలీల, సంతలో కూరగాయలమ్మిన ఆడవాళ్ల వేళ్ల కింద. దాన్ని దాచడం నిజాంకి దండం పెట్టడం కాదు. సాక్షిని బతికించుకోవడం. ఇంకో సంగతి కూడా ఉంది. 1940ల్లో, యుద్ధ కాలంలో ఇదే రూపాయిలో వెండిని సగానికి దించేశారు. బొమ్మ అదే, పేరు అదే, లోపల సరుకు వేరు. పాత రూపాయి, కొత్త రూపాయి పక్కపక్కన పెడితే ఆ రాజ్యం చివరి రోజుల గురించి ఒక పాఠం. ఒక్కటే దాచి ఇంకోటి కరిగిస్తే పాఠం లేదు.

రెండో అభ్యంతరం, "అవన్నీ మ్యూజియం చూసుకుంటది." మ్యూజియం చూసుకుంటుంది, కాదనను. సైఫాబాద్ పాత టంకశాలలో 2022లో మ్యూజియం తెరిచారు, హైదరాబాద్ పోతే తప్పకుండా చూడండి. కానీ ఏ మ్యూజియం అయినా మంచి నమూనా ఒకటి తీసుకుని అద్దాల వెనక పెడుతుంది. మన తండాల్లో లంబాడా అవ్వల దండల్లో, రవికెల అంచుల్లో కుట్టిన రూపాయలు దానికి అందవు. కొక్కెం అతికించిన నాణెం పాడైపోయిందని పెద్ద కలెక్టర్లు ధర తగ్గిస్తారు. నేను దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఆ కొక్కెం దెబ్బ కాదు, ఆ నాణెం బతుకులో రెండో అధ్యాయం. ఎవరి పెళ్లికి, ఏ తండాలో, ఎన్ని రూపాయల దండ అన్నది రాసి పెట్టగలిగేది ఆ ఇంటి పిల్లలే. అంటే మనమే.

హెచ్చరికలు కూడా చెప్పాలి, ఎందుకంటే మన వాట్సాప్ గ్రూపులు వేరే లోకంలో ఉన్నాయి. వైష్ణోదేవి బొమ్మ ఉన్న 5 రూపాయల నాణేనికి లక్షలొస్తాయని ప్రతి నెలా ఒక ఫార్వర్డ్ వస్తుంది. ఆ నాణేలు 2012వి, మస్తుగా అచ్చయ్యాయి. పాత నాణేలు కొంటామని చెప్పి ముందుగా ఫీజు, పన్ను అంటూ రిజర్వ్ బ్యాంక్ పేరు వాడుకుని మోసం చేస్తున్నారని 2021లో ఆ బ్యాంకే ప్రకటన ఇచ్చింది. విచిత్రం చూడండి. విలువ లేనిదానికి లక్షలు వస్తాయని నమ్ముతాం. విలువ ఉన్నదాన్ని చింతపండు పెట్టి తోముతాం. చెల్లే 10 రూపాయల నాణేన్నేమో కిరాణా కొట్లో "ఇది నడవదు" అని వెనక్కిస్తాం. రిజర్వ్ బ్యాంక్ 2018లోనే పద్నాలుగు రకాల 10 రూపాయల నాణేలన్నీ చెల్లుతాయని చెప్పినా సరే.

ఇంకో గీత దాటొద్దు. ఇంట్లో తరతరాలుగా ఉన్నది వేరు, నేలలోంచి తీసింది వేరు. పాత నల్గొండ జిల్లా అక్కనపల్లిలో ఒకప్పుడు వెయ్యికి పైగా రోమన్ వెండి నాణేలు దొరికాయి. అలాంటి నేల మనది, నాగలి కింద ఎప్పుడేం తగులుతుందో తెలియదు. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన నిధి ఏది దొరికినా కలెక్టరుకి చెప్పాలి. దాచితే శిక్ష ఉంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, కుండలోంచి తీసి అమ్మిన నాణెం ఫణిగిరి కథ చెప్పలేదు. కాబట్టి పొలంలో దొరికిన సరుకు కొనడం కలెక్టింగ్ కాదు, చెరపడం.

సరే, చేయాల్సిందేంటి? పెద్ద పెట్టుబడి ఏం అక్కర్లేదు. మొదటి పని తోమడం ఆపించడం. రెండోది, నాణెం ఫోటో రెండు వైపులా తీయడం, నగల త్రాసు మీద బరువు చూడటం, సంవత్సరం చదవడం, ఎవరి ఇంట్లో ఎలా వచ్చిందో నాలుగు వాక్యాలు తెలుగులో రాయడం. ఆ నాలుగు వాక్యాలే అన్నిటికన్నా ఖరీదైనవి, ఎందుకంటే అవి చెప్పగలిగినవాళ్లు ఎనభై దాటారు. మూడోది, మన క్లబ్ తరఫున ఒక చెక్‌లిస్టు. మీమ్ రూపాయి, ఐన్ రూపాయి, అర్ధ, పావలా, బేడ, అణా, చిల్లర పైసలు. పక్కన ఊళ్ల పేర్లతో తపాలా ముద్రల జాబితా. కోడింగ్ పరంగా ఇది మినీ ప్రాజెక్టు కూడా కాదు, ఒక స్ప్రెడ్‌షీట్. చార్మినార్ గుమ్మంలో ఉన్నది మీమా ఐనా అని ఫోటో చూసి చెప్పే మోడల్ చేద్దామని ఎవరికైనా ఆశ పుడితే సంతోషమే. కానీ మోడల్‌కి ముందు డేటా కావాలి. ఆ డేటా ఇప్పుడు సందుగల్లో ఉంది, కొంత ఈ నెలలోనే మూసలోకి పోతుంది.

ఇంట్లో పాత సిక్కాలే లేనివాళ్లు బాధపడక్కర్లేదు. జేబులో చిల్లర తీసి సంవత్సరం కింద చూడండి. నక్షత్రం గుర్తు ఉంటే ఆ నాణెం మన హైదరాబాద్ టంకశాలది. డైమండ్ ఉంటే ముంబైది, చుక్క ఉంటే నోయిడాది, ఏమీ లేకపోతే కోల్‌కతాది. ఒక్కో రకానికి, ఒక్కో ఏడాదికి నాలుగు ఊళ్ల నాణేలు వెతకడం మొదలుపెట్టండి. సెట్ పూర్తవ్వడానికి అయ్యే ఖర్చు ఆ నాణేల మీద రాసి ఉన్నంతే. నచ్చకపోతే టీ తాగేయొచ్చు. యూపీఐ వచ్చాక చిల్లర చేతికి రావడమే తగ్గిపోయింది కాబట్టి, ఈ సెట్ కూడా త్వరలో మన పిల్లలకి సందుగలో వస్తువే అవుతుంది.

పోకెమాన్ కార్డులు అమ్మేయమని నేను ఎవరికీ చెప్పట్లేదు. ఆ కార్డు కోసం కొన్న కవర్ల ప్యాకెట్లో ఇంకా ఖాళీ కవర్లు మిగిలే ఉంటాయి కదా. ఈసారి ఊరికి పోయేటప్పుడు ఒక పది బ్యాగులో వేసుకుపోండి.